కొబ్బరి నూనెతో బయోడీజిల్: ఎక్కడ గిట్టుబాటు, ఎక్కడ కాదు

ప్రపంచమంతా కలిసి ఏడాదికి తీసే కొబ్బరి నూనె 30 లక్షల టన్నుల పైచిలుకు. ప్రపంచంలోని లారీలు, బస్సులు, రైళ్లు, ట్రాక్టర్లు, జనరేటర్లు కలిసి ఒక్క రోజులో తాగేసే డీజిల్ కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. వంటకు గానీ సబ్బులకు గానీ చుక్క మిగల్చకుండా ఏడాది నూనెంతా ఇంజిన్లలో పోసినా గడిచేది ఒక్క రోజే. కొబ్బరి బయోడీజిల్ గురించి, అంటే ఆ నూనెను మిథనాల్ అనే ఆల్కహాల్‌తో కలిపి మార్చి చేసే డీజిల్ లాంటి ఇంధనం గురించి, మాట్లాడేటప్పుడు ఈ లెక్కను మొదట్లోనే పెట్టుకోవడం మంచిది. పెట్రోలియానికి ఇది బదులు కాగలదా అన్న ప్రశ్న అక్కడితో తేలిపోతుంది. కాలేదు.

అలాగని కొట్టిపారేయడమూ తొందరపాటే. ఇంధనంగా చూస్తే మొక్కల నూనెల్లో కొబ్బరి నూనెకు సాటి వచ్చేవి కొద్ది. దాన్ని పోసి ఏళ్ల తరబడి బళ్లు నడిపిన దీవులున్నాయి. దేశమంతటా డీజిల్‌లో కలిపి తీరాలని చట్టం చేసిన ప్రభుత్వమూ ఉంది. పనికొస్తుందా రాదా అన్నది ఎప్పుడో తేలిన సంగతి. ఎక్కడ వాడాలి, ఎంత వాడాలి, ఏ రకం నూనె వాడాలి అన్నదే ఇప్పుడు ఆలోచించాల్సింది.

నూనె ఏదైనా దాని గుణమంతా అందులోని కొవ్వు ఆమ్లాల్లో ఉంటుంది. సోయా, పొద్దుతిరుగుడు నూనెల్లో ఈ ఆమ్లాలు ఎక్కువగా 18 కార్బన్ల పొడవుంటాయి, చాలావాటిలో ద్విబంధాలు, అంటే కార్బన్ల మధ్య జంట బంధాలు, ఉంటాయి. కొబ్బరి నూనె తీరు వేరు. ఇందులో దాదాపు సగం 12 కార్బన్ల లారిక్ ఆమ్లమే. 14 కార్బన్ల మిరిస్టిక్ ఆమ్లం ఐదో వంతుకు దగ్గరగా ఉంటుంది. 8, 10 కార్బన్ల ఇంకా పొట్టి ఆమ్లాలు కూడా కొంత ఉంటాయి. మొత్తం మీద 90 శాతానికి పైగా సంతృప్త ఆమ్లాలే, అంటే ద్విబంధాలు లేనివే. పొట్టిగా ఉండటం, ద్విబంధాలు లేకపోవడం అనే ఈ రెండు లక్షణాల నుంచే కొబ్బరి బయోడీజిల్ మంచిచెడ్డలన్నీ పుడతాయి.

ముందు మంచి సంగతి. ద్విబంధం ఉన్నచోట గాలిలోని ఆక్సిజన్ వచ్చి పట్టుకుంటుంది. సోయా బయోడీజిల్‌ను నెలల తరబడి ట్యాంకులో ఉంచితే జిగురు తేలి ఫిల్టర్లు మూసుకుపోవడానికి కారణం అదే. కొబ్బరి బయోడీజిల్‌కు ఆ బెడద చాలా తక్కువ. ఇక ఇంజెక్టర్ చిమ్మిన ఇంధనం ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య దీనికి 60 నుంచి 70 దాకా ఉంటుంది. బయోడీజిల్‌కు అమెరికా ప్రమాణం అడిగేది కనీసం 47, ఐరోపా అడిగేది 51. సీటేన్ ఎక్కువైతే ఇంజిన్ సులువుగా స్టార్ట్ అవుతుంది, టకటకమనే కొట్టుడు తగ్గుతుంది. ద్విబంధాలు ఎక్కువున్న నూనెల బయోడీజిల్‌తో పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు కాస్త పెరుగుతాయి. సంతృప్త నూనెలతో ఆ సమస్య అంతగా ఉండదు. గంధకం కూడా దాదాపు ఉండదు.

చలి విషయంలో కొబ్బరి నూనె చూపించే మార్పు ఆశ్చర్యం కలిగిస్తుంది. నూనెగా ఉన్నప్పుడు ఇది 24, 25 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. అలాంటి నూనెతో చేసిన బయోడీజిల్ చలికి ఇంకెంత మొండికేస్తుందో అనిపించడం సహజం. జరిగేది అందుకు భిన్నం. మిథనాల్‌తో కలిసి ఎస్టర్‌గా (బయోడీజిల్ అంటే ఈ ఎస్టర్లే) మారాక లారిక్ ఆమ్లం నుంచి వచ్చిన భాగం 5 డిగ్రీల దగ్గర గానీ గడ్డకట్టదు. అదే 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం నుంచి వచ్చిన ఎస్టర్ 30 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. అందుకే పామాయిల్ బయోడీజిల్ 15 డిగ్రీల చుట్టుపక్కలే మబ్బు పట్టినట్టు తెల్లబడితే, కొబ్బరి బయోడీజిల్ సున్నా డిగ్రీలకు దగ్గర్లో గానీ ఆ స్థితికి రాదు. గడ్డకట్టే చలి దేశాలకు ఇది కూడా చాలదు. కొబ్బరి పండే ఉష్ణమండలంలో మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

చెడ్డ సంగతి కూడా ఆ పొట్టితనంలోనే ఉంది. లారిక్ ఆమ్లపు ఎస్టర్ బరువులో 15 శాతం ఆక్సిజనే. సోయా, పొద్దుతిరుగుడు నూనెల బయోడీజిల్‌లో ఇది 11 శాతానికి మించదు. ఆక్సిజన్ ఉండటం వల్ల మసి తక్కువ వస్తుంది, నిజమే. కానీ ఆక్సిజన్ మండి వేడినివ్వదు. అందువల్ల సాదా డీజిల్‌తో పోలిస్తే లీటరుకు వచ్చే శక్తి సుమారు 15 శాతం తగ్గుతుంది. ఇతర బయోడీజిళ్లలో ఈ తేడా 8, 10 శాతం దగ్గర ఆగుతుంది. డీజిల్‌లో మూడు శాతమో ఐదు శాతమో కలిపితే మైలేజీలో ఎవరికీ ఏమీ తెలియదు. వంద శాతం పోస్తే మాత్రం ట్యాంకు ముందుగానే ఖాళీ అవుతుంది.

ప్రమాణాల దగ్గర ఇంకో చిక్కుంది. కొబ్బరి బయోడీజిల్ మరీ పలచన. 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం సెంటీస్టోక్ అనే కొలమానంలో 2.7, 2.8 ప్రాంతంలో ఉంటుంది, ఇది మామూలు డీజిల్‌తో సమానం. ఐరోపా ప్రమాణం ఈఎన్ 14214 మాత్రం 3.5 నుంచి 5 మధ్య ఉండాలంటుంది. అంటే డీజిల్‌కు అన్నిటికంటే దగ్గరగా ఉన్న బయోడీజిల్ ఆ పరీక్షలో తప్పుతుంది. ఎస్టర్ ఎంత శాతం ఉందో కొలిచే పద్ధతి కూడా మొదట 14 కార్బన్లు, ఆపైన ఉన్నవాటికే రాశారు. కొబ్బరిలో సగభాగమైన 12 కార్బన్ల ఎస్టర్ ఆ లెక్కలోకే వచ్చేది కాదు. 2011లో సవరించాకే పొట్టి ఎస్టర్లకు చోటు దొరికింది. రేప్‌సీడ్, సోయా పండించే దేశాలు తమ పంటలకు తగ్గట్టు రాసుకున్న కొలతలతో ఉష్ణమండలపు నూనెను తూచి తక్కువ రకం అనడం న్యాయం కాదు. ఫిలిప్పీన్స్ ఈ కారణంగానే కొబ్బరి ఎస్టర్‌కు తన సొంత ప్రమాణం రాసుకుంది.

తయారీ సూత్రం అన్ని నూనెలకూ ఒకటే. నూనెను 60 డిగ్రీల దాకా వేడిచేసి, కాస్టిక్ సోడా గానీ కాస్టిక్ పొటాష్ గానీ కలిపిన మిథనాల్ పోసి గంటసేపు తిప్పుతారు. నూనె అణువు మూడు ముక్కలుగా విడిపోయి ఒక్కో ముక్కా మిథనాల్‌తో జతకడుతుంది. మిగిలిన గ్లిజరిన్ ముదురు గోధుమ రంగు పొరగా అడుగుకు చేరుతుంది. కొబ్బరి నూనె దగ్గర పొరపాటు జరిగేది మిథనాల్ లెక్కలో. ఈ నూనె అణువులు చిన్నవి కాబట్టి ఒక కిలోలో ఎక్కువ అణువులు పడతాయి. సోయా నూనె 100 కిలోలకు సూత్రం ప్రకారం కావలసిన మిథనాల్ 11 కిలోలైతే కొబ్బరి నూనెకు పద్నాలుగున్నర కిలోలు కావాలి. ప్రక్రియ పూర్తవ్వాలంటే మిథనాల్‌ను అవసరానికి మించి పొయ్యాలి, సాధారణంగా రెట్టింపు పోస్తారు. సోయాకు, పొద్దుతిరుగుడుకు రాసిన కొలతను, అంటే నూనెలో ఐదో వంతు పరిమాణంలో మిథనాల్ అనే చిన్న యూనిట్ల వాడుక లెక్కను కొబ్బరికీ పెడితే, అది సూత్రం అడిగే దానికంటే కొద్దిగానే ఎక్కువవుతుంది, కావలసినంత మిగులు ఉండదు. దాంతో సగం మారి సగం మారని ఇంధనం తయారవుతుంది. పైకి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. ఇంజెక్టర్ల మీద పేరుకున్నాక గానీ అసలు సంగతి బయటపడదు.

నూనె నాణ్యత ఇంకో మలుపు. ఎండు కొబ్బరిని సరిగా ఆరబెట్టకపోయినా, తేమలో నిల్వ ఉంచినా బూజు పట్టి నూనె విడిపోవడం మొదలవుతుంది, విడి ఆమ్లాలు పెరుగుతాయి. ముక్కిన వాసన వచ్చే నూనెలో ఇవి నాలుగైదు శాతం కూడా ఉండొచ్చు. ఒక శాతం దాటిందంటే అందులో పోసిన సోడా నూనెను ఎస్టర్‌గా మార్చడం మానేసి సబ్బు చేయడం మొదలుపెడుతుంది. లారిక్ ఆమ్లపు సబ్బు విపరీతంగా నురగ కడుతుంది, కొబ్బరి సబ్బులకు పేరొచ్చిందే దానివల్ల. బయోడీజిల్‌ను నీళ్లతో కడిగే దశలో ఆ నురగే కొంప ముంచుతుంది. నీరు, ఇంధనం పాలలా కలిసిపోయి గంటలు గడిచినా విడిపోవు. అలాంటి నూనెకు ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిథనాల్‌తో ఒక విడత నడిపి విడి ఆమ్లాలను ఎస్టర్లుగా మార్చుకుని, ఆ తర్వాతే సోడా వాడాలి. ఖర్చు, సమయం రెండూ పెరుగుతాయి. ఈ పనిలో మిథనాల్‌తో జాగ్రత్త తప్పనిసరి. అది విషం, పైగా దాని మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనబడదు.

ఈ గొడవంతా లేకుండా నూనెను నేరుగా ఇంజిన్‌లో పోస్తే? పసిఫిక్ దీవుల్లో ఇదే చేశారు. పాపువా న్యూగినీలోని బోగన్‌విల్‌లో పాంగునా రాగి గని 1989లో మూతపడి అంతర్యుద్ధం మొదలయ్యాక, ప్రభుత్వం దీవిని దిగ్బంధం చేసింది. డీజిల్ రావడం ఆగిపోయింది. అక్కడి వాళ్లు కొబ్బరి తురిమి, పాలు పిండి, కాచి తీసిన నూనెతో బళ్లు, జనరేటర్లు నడిపారు. ఆ తర్వాత వనువాటులో కొబ్బరి నూనెలో కొంత కిరోసిన్ కలిపి వ్యాన్లు నడిపారు. రాజధాని పోర్ట్ విలాకు కరెంటిచ్చే యునెల్కో కంపెనీ తన జనరేటర్లలో కొబ్బరి నూనెను డీజిల్‌తో కలిపి వాడింది.

నేరుగా వాడటంలో చిక్కంతా చిక్కదనంతోనే. 40 డిగ్రీల దగ్గర కొబ్బరి నూనె డీజిల్ కంటే దాదాపు పదింతలు చిక్కన. ఇంజెక్టర్ దాన్ని సన్నని తుంపరగా చిమ్మలేదు, పెద్ద చుక్కలు పడతాయి. అవి పూర్తిగా మండకుండా గోడలకు అంటుకుని, పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తాయి. లోడు తక్కువగా ఉండి ఇంజిన్ చల్లగా నడిచినప్పుడు ఇది మరీ ఎక్కువ. దీనికి అనుభవం నేర్పిన మార్గం రెండు ట్యాంకులు పెట్టుకోవడం. డీజిల్‌తో స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కాక, రేడియేటర్ నీటి వేడితో 70, 80 డిగ్రీలకు కాగిన నూనెకు మారి, ఆపే ముందు కాసేపు మళ్లీ డీజిల్ మీద నడపాలి. లేకపోతే రాత్రికి పైపుల్లో నూనె గడ్డకట్టి పొద్దున్నే బండి కదలదు. ఒకే లోడు మీద గంటల తరబడి నడిచే పాతకాలపు పెద్ద జనరేటర్లకు ఈ పద్ధతి నప్పుతుంది. నిమిషానికోసారి ఆగి కదిలే కొత్త తరం కామన్ రైల్ కార్లకు, అంటే ఇంధనాన్ని విపరీతమైన ఒత్తిడితో చిమ్మే ఇంజిన్లున్న కార్లకు, అస్సలు నప్పదు. వాటి ఇంజెక్టర్లలోని రంధ్రాలు అంత సన్నం.

దేశం మొత్తానికి వర్తింపజేసిన ప్రయోగం ఫిలిప్పీన్స్‌ది. 2006 బయోఫ్యూయల్స్ చట్టం, అంటే రిపబ్లిక్ యాక్ట్ 9367 మీద అప్పటి అధ్యక్షురాలు గ్లోరియా మకపగాల్ అరోయో 2007 జనవరిలో సంతకం చేశారు. ఆ ఏడాదే డీజిల్‌లో ఒక శాతం కొబ్బరి ఎస్టర్ తప్పనిసరైంది. 2009లో అది రెండు శాతమైంది. తర్వాత 15 ఏళ్లపాటు అక్కడే ఆగిపోయింది. 2024 అక్టోబర్‌లో మూడు శాతానికి పెంచారు. 2025 అక్టోబర్‌లో నాలుగు, 2026లో ఐదు అని ప్రకటించినా, కొబ్బరి నూనె ధర మండిపోవడంతో నాలుగు శాతం పెంపును ప్రభుత్వం ఆపేసింది.

ఎందుకు ఆగిందో లెక్క చూస్తే అర్థమవుతుంది. ఒక్క శాతం పెంచాలంటే అదనంగా 10 నుంచి 12 కోట్ల లీటర్ల ఎస్టర్ కావాలని, దానికి 90 కోట్ల కాయలు పడతాయని అక్కడి ఇంధన శాఖ అంచనా వేసింది. అంటే లీటరుకు సుమారు 8 కాయలు. ఫిలిప్పీన్స్ ఏడాది పంట ఇంచుమించు 1,500 కోట్ల కాయలు. మూడు శాతం కలపడానికే పంటలో ఆరో వంతు పైగా పోతుంది. ప్రపంచంలో కొబ్బరి పంటలో మొదటి మూడు స్థానాల్లో ఉండే దేశం తన కాయల్లో ఆరో వంతు ఇంజిన్లకు ఇచ్చినా, ట్యాంకులో మిగిలిన 97 శాతం పెట్రోలియమే. విదేశీ చమురు మీద ఆధారపడటం తగ్గుతుందన్న వాదన ఈ అంకెల ముందు చాలా బలహీనం.

మరి ఆ చట్టం వల్ల లాభమే లేదా అంటే ఉంది. అది రైతు వైపు నుంచి చూడాల్సిన లాభం. ధర పడిపోయిన ఏళ్లలో ఈ కొనుగోలు ఎండు కొబ్బరి రేటుకు కొంత ఆసరా ఇస్తుంది. ధర ఆకాశాన్నంటిన ఏళ్లలో అదే భారం బంకు దగ్గర నిలబడ్డ వాళ్ల మీద పడుతుంది. ఎస్టర్ లీటరు డీజిల్‌కు రెట్టింపు పలికితే మూడు శాతం కలిపిన డీజిల్ మూడు శాతం ప్రియమవుతుంది. మూడింతలు పలికితే ఆరు శాతం. చూడటానికి చిన్న అంకె. రోజూ డీజిల్ పోయించుకుంటే గానీ పూట గడవని డ్రైవర్‌కు చిన్నది కాదు. ధరను బట్టి శాతాన్ని పెంచుకునే, తగ్గించుకునే వీలు చట్టంలోనే ఉండాలి. ప్రతిసారీ ఆఖరి నిమిషంలో వాయిదా వేయడం వల్ల ఎస్టర్ ఫ్యాక్టరీలకూ నష్టమే, రైతుకూ నష్టమే.

ధర ఇంతగా ఊగిపోవడానికి కారణం చెట్టులోనే ఉంది. కొబ్బరి మొక్క నాటాక కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది. రేటు బాగుందని వచ్చే ఏడాది ఎక్కువ పండించడం కుదరదు. కరవొచ్చినా దెబ్బ వెంటనే కనబడదు, పూత రాలి పిందె తగ్గి, ఏడాది గడిచాక మార్కెట్లో కాయ కరువవుతుంది. 2023, 24 ఎల్‌నినో ప్రభావం అలాగే ఆలస్యంగా వచ్చి తాకింది, 2025లో అంతర్జాతీయ మార్కెట్లో కొబ్బరి నూనె టన్ను 2,000 డాలర్లు దాటేసింది. 2013 నవంబర్‌లో హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లో మూడు కోట్లకు పైగా కొబ్బరి చెట్లను దెబ్బతీసింది. కూలిన చెట్టు స్థానంలో నాటిన మొక్క కాయ ఇవ్వడానికి పట్టే కాలం ఆ రైతు కుటుంబానికి ఎంత దీర్ఘమో వేరే చెప్పాలా?

పోటీ కూడా గట్టిదే. లారిక్ ఆమ్లం దండిగా ఉండే నూనెలు ప్రపంచ మార్కెట్లో ప్రధానంగా రెండే, కొబ్బరి నూనె, పామ్ గింజల నూనె. సబ్బులు, షాంపూలు, డిటర్జెంట్లు, సౌందర్య సాధనాలు తయారుచేసే వాళ్లందరికీ ఈ 12 కార్బన్ల గొలుసే కావాలి. అదే గొలుసును ఇంజిన్‌లో మండిస్తే డీజిల్ విలువే వస్తుంది. సంత ఉన్నంతకాలం ఎక్కువ ఇచ్చేవాడి దగ్గరికే సరుకు పోతుంది. ఎకరం లెక్కన చూసినా కొబ్బరి వెనకబడే ఉంది. హెక్టారుకు ఆయిల్ పామ్ మూడు, నాలుగు టన్నుల నూనె ఇస్తుంటే, చిన్న రైతుల కొబ్బరి తోటలు ఒక టన్ను ఇవ్వడమే గొప్ప. మంచి కొబ్బరి నూనెను, తినడానికి పనికొచ్చే నూనెను, నగరాల డీజిల్ ట్యాంకుల్లోకి పంపడం ఏ లెక్కలోనూ సమర్థనీయం అనిపించదు.

2008 ఫిబ్రవరిలో లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లిన వర్జిన్ అట్లాంటిక్ బోయింగ్ 747 నాలుగు ఇంజిన్లలో ఒకదానికి కొబ్బరి నూనె, బబాసు (బ్రెజిల్‌లో పెరిగే తాటి జాతి చెట్టు) గింజల నూనె నుంచి చేసిన ఇంధనాన్ని 20 శాతం కలిపి వాడారు. విమాన ఇంధనంలోని గొలుసుల పొడవు కూడా 12 కార్బన్ల చుట్టుపక్కలే కాబట్టి కొబ్బరిని ఎంచుకోవడంలో అర్థముంది. సరఫరా సమస్య మాత్రం అక్కడా ఇదే.

కొబ్బరి ఇంధనం నిజంగా నిలబడగలిగేది రెండు చోట్ల. మొదటిది, తినడానికి పనికిరాని నూనె. బూజు పట్టిన ఎండు కొబ్బరి నుంచి తీసినది, శుద్ధి చేసేటప్పుడు వేరుచేసిన ఆమ్లాలు, వాడేసిన నూనె. వీటికి ముందు ఆమ్లంతో ఒక విడత నడపాలన్న అదనపు ఖర్చు ఉన్నా ముడిసరుకు చవక. రెండోది, డీజిల్ పడవల మీద రావాల్సిన దూరపు దీవులు. అక్కడ డీజిల్‌కు రవాణా ఖర్చు తోడై తడిసి మోపెడవుతుంది, ఎండు కొబ్బరిని బయటికి పంపాలన్నా అదే రవాణా ఖర్చు రైతు చేతికొచ్చేదాన్ని కోసేస్తుంది. కొనేది ప్రియం, అమ్మేది చవక అయినచోట నూనెను ఊళ్లోనే వాడుకుంటే రెండు వైపులా మిగులు. పైగా కాయలో ఉన్న శక్తి నూనె ఒక్కటే కాదు. పీచు, చిప్ప మండించి కొబ్బరి ఆరబెట్టుకోవచ్చు. నూనె తీయగా మిగిలిన పిండి పశువులకు మేత.

అలాంటి ఊరికి ఎంత తోట కావాలో లెక్కగట్టడం కష్టమేమీ కాదు. సగటున 20 కిలోవాట్ల కరెంటు వాడే చిన్న దీవి గ్రామం అనుకుందాం. చిన్న జనరేటర్ నేరుగా కొబ్బరి నూనె మీద నడిస్తే గంటకు 7 లీటర్లు, రోజుకు 170 లీటర్ల దాకా కావాలి. లీటరుకు 8 కాయల చొప్పున రోజుకు 1,350 కాయలు, ఏడాదికి దాదాపు 5 లక్షలు. హెక్టారుకు 100 చెట్లు, చెట్టుకు 50 కాయలు అనుకుంటే 100 హెక్టార్ల తోట పంట మొత్తం దీనికే పోతుంది. చిన్న దీవికి ఇది మోయలేని బరువు. పగటి అవసరాలకు సోలార్ ప్యానెళ్లు పెట్టుకుని, చీకటి పడ్డాకా, మబ్బు పట్టిన రోజుల్లోనూ మాత్రమే జనరేటర్ నడిపితే ఆ తోట సగానికి తగ్గుతుంది. బ్యాటరీలు కూడా తోడైతే ఇంకా తగ్గుతుంది. అప్పుడు తక్కువ రకం కాయలతో, రాలిపడ్డ కాయలతో తీసిన నూనే జనరేటర్‌కు సరిపోయే అవకాశం ఉంది, మంచి కాయను రైతు అమ్ముకోవచ్చు.